చారెడు తవుడు

కామాఠిపుర పదకొండో గల్లీలోని ఆ పాత చాల్‌లో సీమాను ఆపి "తౌడమ్మ నీకేమైతది?" అని ఎవరైనా అడిగితే, ఎనిమిదేళ్లుగా ఆమె దగ్గర ఒకటే జవాబు: "చెల్లె లెక్క." కన్నబిడ్డను చెల్లెలని చెప్పుకునే తల్లి ఎక్కడైనా ఉంటుందా అని మీరు ముక్కు మీద వేలేసుకోవచ్చు. ఆ చాల్‌లో ఎవరూ వేసుకోరు. ఇంటికో గది చొప్పున మూడు అంతస్తుల్లో నలభై ఖోలీలు, నలభై ఖోలీలకూ సంగతి తెలుసు. తెలిసినా నోరు జారకపోవడమే అక్కడి మర్యాద. ఆ మర్యాదే చివరికి సీమా కొంప ముంచింది.

సీమా ముత్తాతలు పాలమూరు దిక్కు నుంచి రాళ్లు మోయడానికి బొంబాయి వచ్చినవాళ్లు. ఈ పట్నంలో సగం మేడలకు పునాదులు తవ్వింది మనవాళ్లేనని ఆ గల్లీలో ప్రతి ముసలాయనా గొప్పగా చెబుతాడు. ఇన్ని మేడలు కట్టినా పది అడుగుల ఖోలీ దాటి జాగా దొరకలేదేమని అడిగితే బీడీ వెలిగిస్తాడు. సీమా ఆ గల్లీలోనే పుట్టింది, మరాఠీ బడిలో తొమ్మిదో తరగతి దాకా చదివింది, రెండు చాల్‌ల అవతల ఉండే శైలేష్‌ను పెళ్లి చేసుకుంది. పొట్టి మనిషి, మాట తక్కువ, నడక వేగం. ఎవరేం చెప్పినా అప్పటికి తల ఊపేస్తుంది. తర్వాత ఎప్పుడో, అంట్లు తోముతూనో బట్టలు ఆరేస్తూనో, తనలో తానే "కాదు" అనుకుంటుంది. అనవలసిన చోట అనకుండా ఆమె మింగిన "కాదు"లు లెక్కలేనన్ని.

పెళ్లయ్యాక ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. మొదటివాడు పదకొండు రోజులు బతికాడు, రెండోవాడు నలభై రోజులు. ఇద్దరికీ ఊపిరి అందలేదు. పెద్ద డాక్టర్లే చేతులెత్తేశారు. మూడోసారి నెల తప్పినప్పుడు అత్త రత్నాబాయి కొడుకునూ కోడలినీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఈసారి ఇక్కడ వద్దు. మన ఊరికి పోదాం, మక్తల్ దిక్కు. మంత్రసాని చేతుల మీద కననీ. పుట్టినంక బిడ్డను అమ్మేద్దాం," అంది.

సీమా తల ఊపింది.

అమ్మడమంటే బజారులో అమ్మడం కాదు. పుట్టినవాళ్లు దక్కని ఇంట్లో కొత్తగా పుట్టిన బిడ్డను చారెడు తవుడుకు పరాయివాళ్లకు అమ్మేయడం మనవాళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. అందుకే ఊళ్లల్లో తౌటయ్యలూ తౌడమ్మలూ కనిపిస్తారు. చావు వచ్చి "సీమా బిడ్డ ఎక్కడ?" అని వెతికితే, అక్కడ సీమా బిడ్డంటూ ఎవరూ ఉండకూడదు. ఉన్నది ఎవరో కొనుక్కున్న పిల్ల, గొడ్లు తినే తవుడుకు వచ్చిన పిల్ల. అంత చవక ప్రాణం మనకెందుకని చావు పక్కింటికి పోతుందని నమ్మకం. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. ఇద్దరిని మట్టిలో పెట్టి వచ్చిన తల్లికి నవ్వు రాదు.

ఊళ్లో మంత్రసాని చేతుల మీద ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజున బొంబాయి తీసుకొచ్చి, గల్లీ మూలనున్న పోచమ్మ గుడి ముందు పక్క ఖోలీ బాలమ్మకు అమ్మారు. బాలమ్మకు పిల్లలు లేరు. అప్పటికి ఆమె భర్త బక్కయ్య బతికే ఉన్నాడు. శైలేష్ రెండు చేతులూ దోసిలి పట్టాడు, బాలమ్మ ఊరి నుంచి తెచ్చిన తవుడు చారెడు ఆ దోసిట్లో పోసింది, సీమా బిడ్డను బాలమ్మ కొంగులో పడుకోబెట్టింది. రత్నాబాయి అక్కడే కట్టడి చేసింది: పన్నెండేళ్లు నిండేదాకా పిల్ల సీమాను అమ్మా అనకూడదు, సీమా నా బిడ్డ అనకూడదు. ఈలోగా వెనక్కి తీసుకోవలసి వస్తే, తవుడు తీసుకున్న చెయ్యే తిరిగి ఇవ్వాలి.

మిగతా ఇళ్లలో ఇదంతా నోటిమాటగా జరిగిపోతుంది. రత్నాబాయి అంతటితో ఊరుకునే మనిషి కాదు. "నోట్ల ఒకటి, కాయితంల ఒకటి ఉంటే అమ్మోరు మోసపోతదా?" అని ఆధార్ కార్డులోనూ బడి రిజిస్టరులోనూ తల్లి బాలమ్మ, తండ్రి బక్కయ్య అనే రాయించింది. ఊళ్లో పుట్టిన పిల్ల కనుక ఆసుపత్రి కాగితం లేదు, పంచాయతీలో ఎవరూ రాయించలేదు. కార్పొరేటరు చీటీ పట్టుకుని ఆధార్ లైన్లో మూడు గంటలు నిలబడింది ఎవరనుకున్నారు? శైలేషే.

పిల్ల బతికింది. బడిలో శ్రావణి, గల్లీలో తౌడమ్మ. పగలు బాలమ్మ ఖోలీలో, రాత్రి సీమా పక్కన. బాలమ్మను అమ్మా అంది, సీమాను సీమక్కా అంది. మొదటిసారి సీమక్కా అన్న రోజు సీమా మోరీ దగ్గర కూర్చుని కుళాయి తిప్పి ఏడ్చింది. బతికి ఉంది కదా, ఏ పేరున పిలిస్తేనేం అని కళ్లు తుడుచుకుని లేచింది.

మూడేళ్లప్పుడు పిల్లకు ఆయాసం మొదలైంది. నోట్లో పెట్టుకుని పీల్చే పంపు రాశారు డాక్టర్లు. పిల్ల ఛాతీలో సన్నగా ఈల వినిపించినప్పుడల్లా సీమాకు పోయిన ఇద్దరూ గుర్తుకొచ్చేవారు.

రెండేళ్ల కిందట రత్నాబాయి పోయింది. కర్మ చేసిన నెలకే శైలేష్ వర్లి వెళ్లిపోయాడు. పెద్ద బిల్డింగుల్లో లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఉద్యోగం, ఒంటి మీద యూనిఫారం, చేతిలో సంచీ. వర్లిలో ఇంకొకామెతో కాపురం పెట్టాడని మొదట పాలవాడు చెప్పాడు, తర్వాత అందరూ చెప్పారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఆ రకం మనిషి. వెళ్తూ వెళ్తూ విడాకుల కేసు కూడా వేశాడు.

సీమా చొక్కాలకు గుండీలు కుట్టే కార్ఖానాలో పనికి కుదిరింది. వచ్చేది అద్దెకు సరిపోతే తిండికి చాలదు, తిండికి సరిపోతే పంపుకు చాలదు. సర్కారు దవాఖానలో పంపు ఉన్నప్పుడు ఇస్తారు, లేనప్పుడు బయట కొనుక్కోమని చీటీ రాస్తారు. ఈ వర్షాకాలం అంతా చీటీలే. పంపు వెనక ఇంకా ఎన్నిసార్లు పీల్చవచ్చో చూపించే అంకె ఉంటుంది. తౌడమ్మకు ఎక్కాలు రాకపోయినా ఆ అంకె మాత్రం ఎప్పుడూ నోటికి ఉండేది.

"సీమక్కా, పద్నాలుగున్నయ్. ఇయ్యాల ఒక్కటే పీలుస్త, సరేనా?" అనేది, ఏదో పొదుపు చేస్తున్న పెద్దమనిషిలాగా.

ఎనిమిదేళ్ల పిల్ల ఊపిరిని పొదుపు చేయడం చూశాక సీమా ఆగలేకపోయింది. కోర్టులో ఉచితంగా వకీలును ఇస్తారని కార్ఖానాలో ఎవరో చెబితే వెళ్లింది. ఆ వకీలు పేరు ప్రతీక్ష. వర్లి తెలుగువాళ్ల పిల్లే. తెలుగులో మొదలుపెట్టి మరాఠీలో ముగిస్తుంది.

"విడాకులు తేలేసరికి ఏండ్లు పడతయి తాయి," అంది. తాయి అంటే మరాఠీలో అక్క. "అప్పటిదాక పిల్లకు తిండి, మందులు ఆగుతయా? కేసు నడిచినన్ని దినాలు నెలనెలా తండ్రి ఇయ్యాలె. మధ్యంతర భరణం అంటరు. అదే అడుగుదాం."

సీమా తల ఊపింది. ఈసారి మనసులో కూడా అవుననే అనుకుంది.

నెల తర్వాత శైలేష్ జవాబు వచ్చింది. ప్రతీక్ష దాన్ని రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, సీమా వైపు కొత్తగా చూసింది.

"మాకు సంతానం లేదు, ఆ పిల్ల పక్కింటి బాలమ్మ, బక్కయ్యల బిడ్డ అని రాసిండు. ఆధార్, బడి రికార్డు జతచేసిండు. ఇదేంది తాయి? నాకు ముందే ఎందుకు చెప్పలే?"

ఆ లైన్లో మూడు గంటలు నిలబడిన మనిషి, ఆ దోసిలి పట్టిన మనిషి, చక్కగా టైపు చేయించి కింద సంతకం పెట్టాడు. చెప్పవలసిందంతా ఒక్కొక్కటిగా చెప్పింది. ప్రతీక్ష తల పట్టుకుంది.

"డీఎన్ఏ పరీక్ష అడుగుదాం. కానీ ఆయన సాగదీస్తడు, రిపోర్టుకు నెలలు పడతది. ఇప్పటికిప్పుడు కావాలంటే రెండు కాయితాలు కావాలె. ఈ పిల్లను నేను కన్న అని నువ్వు ప్రమాణపత్రం మీద సంతకం పెట్టాలె. నేను కనలేదు అని బాలమ్మ పెట్టాలె. మంగళవారం తారీఖు."

ప్రతీక్షకు అది రెండు సంతకాల పని. సీమాకు అదేమిటో ఆ వకీలుకు ఎలా చెప్పాలో తెలియలేదు. నా బిడ్డ అని కాగితం మీద రాసి ఇస్తే, ఎనిమిదేళ్లుగా దాచిన చిరునామాను తన చేత్తో తానే చావుకు ఇచ్చినట్టు. రాయకపోతే పంపులో అంకె సున్నాకు వస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రెండింటి మధ్యా తౌడమ్మ లెక్కల పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

ఆ సాయంత్రం బాలమ్మ ఖోలీకి వెళ్లింది. బాలమ్మ చింతపండు గింజలు తీస్తోంది. కాగితం చూసి చేతులు కొంగుకు తుడుచుకుంది కానీ ముట్టుకోలేదు.

"నాది కాదు అని ఎట్ల పెట్టాలె బిడ్డా? అమ్మోరి ముంగట కొన్న. ఆయన బతికినన్ని దినాలు దాన్ని భుజాన ఏసుకొని తిరిగిండు. ఇయ్యాల నాది కాదంటే దానికేమన్న అయితే?"

"పెద్దమ్మా, పంపు అయిపోయింది. మొన్న కార్ఖానాల అప్పు అడిగి ఒకటి కొన్న. అది కూడా సగమైంది. నాకు వేరే తొవ్వ లేదు." సీమా ఆమె కాళ్ల దగ్గర కూలబడింది. "నీ కాళ్లు పట్టుకుంట. నేను నీ బిడ్డను గుంజుకోను. కాయితం వరకే."

"కాయితం వరకే అని మీ అత్త అనుకుందా? నోట్ల ఉన్నదే కాయితంల కూడ ఉండాలె అన్నది గదా." బాలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను బెట్టు చేస్తలేను సీమా. నాకు భయమైతుంది. అమ్మింది ఎవరు? శైలేష్. తౌడు పట్టిన చెయ్యి తౌడు తిరిగి ఇస్తే పిల్ల మళ్ల నీదైతది. అప్పుడు ఎన్ని సంతకాలన్న పెడత. ఆ చెయ్యి తోని ఇప్పియ్యి."

చెప్పడానికి ఎంత సులువు! వర్లి వెళ్లిన మనిషి ఫోనే ఎత్తడు. అయినా సీమా తవుడు కోసం వెతికింది. పిండిగిర్నీలో గోధుమ పొట్టు దొరికింది కానీ వరి తవుడు దొరకలేదు. పని కోసం నాకా అడ్డా మీద నిలబడే పాలమూరు కూలీల్లో ఒకామెను బతిమాలింది. ఆమె ఊరికి ఫోను చేస్తే, ఎవరో ఒక పొట్లం బస్సు డ్రైవరుకు ఇచ్చి పంపారు. సోమవారం పొద్దున్నే బస్సు దగ్గరికి వెళ్లి ఆ పొట్లం తెచ్చుకుంది. ఇంత వరి తవుడు, లేత గోధుమరంగులో మెత్తగా. చేతిలోకి తీసుకుంటే చేతికేమీ బరువు తెలియలేదు.

మంగళవారం ముగ్గురూ గ్రాంట్ రోడ్‌లో రైలెక్కి బాంద్రా వెళ్లారు. పిల్లను వదిలి వెళ్లడానికి ఎవరూ లేక బడి సంచీతో సహా తీసుకెళ్లారు. బాలమ్మ పెళ్లినాటి ఇరకల్ చీర కట్టుకుంది. సీమా సంచీలో సంతకం పెట్టని ప్రమాణపత్రం, పంపు, తవుడు పొట్లం ఉన్నాయి. కోర్టు వరండాలో శైలేష్ కనిపించగానే సీమా దగ్గరికి వెళ్లింది.

"ఒక్క నిమిషం. ఇది పెద్దమ్మ చేతిల పొయ్యి చాలు. ఇంకేం అడుగ."

శైలేష్ పొట్లం వైపు చూశాడు. వెంటనే గుర్తుపట్టాడు, అది అతని ముఖంలో తెలిసిపోయింది. ముఖం తిప్పుకుని తన వకీలు పక్కకు వెళ్లి నిలబడ్డాడు. శైలేష్ ఆ వకీలుకు తవుడు సంగతి చెప్పలేదని సీమాకు అప్పుడు తెలియదు.

లోపల జడ్జి మేడం నడివయసు మనిషి. మరాఠీలో నెమ్మదిగా మాట్లాడుతోంది. తౌడమ్మ వెనక బెంచీ మీద సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. శైలేష్ వకీలు కాగితాలన్నీ చూపించాడు. బడి రిజిస్టరు, ఆధార్, తల్లి బాలమ్మ, తండ్రి బక్కయ్య. ప్రతీక్ష అది ఒక ఆచారమనీ, డీఎన్ఏ పరీక్షకు సిద్ధమనీ చెప్పబోయింది. జడ్జి మేడం చెయ్యి ఎత్తి, ముసలామెను ముందుకు రమ్మంది.

"బాలమ్మా, ఈ పాప మీ కూతురేనా?"

"అవును సాబ్," అంది బాలమ్మ. తడుముకోలేదు.

శైలేష్ వకీలు కుర్చీలో వెనక్కి వాలాడు.

"మీరే కన్నారా?"

"లేదు సాబ్. కనలేదు. కొన్న."

జడ్జి మేడం కలం కింద పెట్టింది. వకీలు స్ప్రింగులా లేచాడు. అంత మంచి అవకాశం మళ్లీ రాదనుకున్నాడు కాబోలు. "విన్నారా మేడం! పసిపిల్లను డబ్బిచ్చి కొన్నామని ఒప్పుకుంటున్నారు! ఇది పోలీసు కేసు. వీళ్లిద్దరూ కలిసి ఆ పిల్లను నా క్లయింటు నెత్తిన రుద్దుతున్నారు. కొన్నవాళ్లూ జైలుకే, అమ్మినవాళ్లూ జైలుకే!" వెనక నుంచి శైలేష్ అతని నల్లకోటు పట్టి లాగుతున్నాడు. అతను పట్టించుకోలేదు.

"ఎవరి దగ్గర కొన్నారు?" అని అడిగింది జడ్జి మేడం.

బాలమ్మ నిదానంగా వెనక్కి తిరిగింది. చెయ్యి చాపి చూపించింది. "ఈ శైలేష్ దగ్గరనే. రెండు చేతులు పట్టి తీస్కున్నడు. చారెడు తౌడు."

గదిలో ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. ప్రతీక్ష తౌడంటే ఏమిటో మరాఠీలో చెప్పింది. జడ్జి మేడం శైలేష్ వైపు తిరిగింది. ఆ గొంతు మారింది. "మీరు ఈ పాపను అమ్మారా?"

జైలు అనే మాట చెవిలో పడ్డాక మనిషికి వకీలు నేర్పిన పాఠం గుర్తుండదు. శైలేష్ రెండు చేతులూ జోడించాడు. "లేదు మేడం! అమ్మలే! అది నిజమైన అమ్మకం కాదు. మా దాంట్ల రివాజు ఉంటది. ముందు ఇద్దరు పోయిండ్రు, ఇదన్న దక్కాలని మా అమ్మ చేయించింది. ఉత్త తౌడు మేడం, పైసలు కాదు, ప్రమాణం చేసి చెప్తున్న..."

"ఎవరికి దక్కాలని?"

శైలేష్ నోరు తెరిచి ఆగాడు. అప్పటికి తెలిసింది తాను ఎక్కడికి వచ్చి నిలబడ్డాడో. "మాకు," అన్నాడు, వినీ వినపడనట్టు. వకీలు మెల్లగా కూర్చున్నాడు.

సీమాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అంతలోనే జడ్జి మేడం ఆమెను పిలిచింది. "మీ ప్రమాణపత్రం మీద సంతకం లేదు. ఆయన ఏం చెప్పినా, మీరు చెప్పనిదే నేను రాయలేను. చెప్పండి. ఈ పాప ఎవరు?"

ఇదే ఆమె భయపడిన చోటు. ఊపడానికి తల సిద్ధంగానే ఉంది. తల ఊపితే సరిపోదు. నోటితో అనాలి, బాలమ్మ వింటుండగా, పిల్ల వింటుండగా, ఇంకా వినేది ఏదైనా ఉంటే అదీ వింటుండగా. ఇంకా నాలుగేళ్లు ఉంది గడువు. ఇన్నేళ్లు ఆగినదాన్ని ఇంకో నాలుగేళ్లు ఆగలేనా అనుకుంది. వెనక బెంచీ మీద తౌడమ్మ దగ్గింది. దగ్గు చివర సన్నగా ఈల. ఆ గదిలో ఫ్యాన్లు తిరుగుతున్నా, గుమాస్తాలు గుసగుసలాడుతున్నా సీమాకు ఆ ఈల ఒక్కటే వినిపించింది.

"నా బిడ్డ," అంది. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "నేనే కన్న. నా బిడ్డనే."

సంతకం పెడుతుంటే పేరు గీత దాటి కిందికి జారింది. తర్వాత బాలమ్మను పిలిచారు. కనలేదు అని నోటితో చెప్పిన మాటే గుమాస్తా రాసి చదివి వినిపిస్తే, అబద్ధమేమీ లేదు గనుక బాలమ్మ వేలిముద్ర వేసింది. సీమా వైపు మాత్రం చూడలేదు. పరీక్ష రిపోర్టు వచ్చేదాకా, కేసు నడిచినంత కాలం, పిల్ల తిండికీ మందులకూ చదువుకూ శైలేష్ నెలనెలా ఇవ్వాలని, ఈ నెల నుంచే మొదలని జడ్జి మేడం ఆర్డరు చెప్పింది. ప్రతీక్ష సీమా భుజం నొక్కింది. గెలిచావు తాయి అంది. సీమా తల ఊపింది.

వరండాలోకి రాగానే సీమా పరుగెత్తింది. శైలేష్ మెట్ల దగ్గర వకీలు తిట్లు తింటున్నాడు.

"నోటితోని అనేసిన," అంది, పొట్లం రెండు చేతులతో ముందుకు చాపి. "పిలగాండ్లు ఇద్దరు ఎట్ల పోయిండ్రో నీకు ఎరుకనే. ఇగ పిల్ల చావుకు దాగి లేదు. తౌడు తిరిగి ఇయ్యి శైలేష్. ఒక్క చారెడు. కావాలంటే నాలుగు నెలలు పైసలు ఇయ్యకు. నేను కోర్టుకు చెప్ప. ఎట్లనో తంటాలు పడత. ఇది ఒక్కటి చెయ్యి. నీకు కూడ బిడ్డనే గదా."

వరండాలో జనం ఆగి చూస్తున్నారు. శైలేష్ ముఖం ఎర్రబడింది. ఒక్క క్షణం అతని చెయ్యి కదిలిందని సీమా తర్వాత చాలాసార్లు అనుకుంది. కదిలిన మాట నిజమేమో. ఆ చెయ్యి పొట్లాన్ని తోసేసింది. కాగితం చిరిగి తవుడు వరండా నిండా చెదిరింది. అతను దాన్ని తొక్కకుండా పక్క నుంచి, అంచున అంచున నడుచుకుంటూ మెట్లు దిగిపోయాడు. భయం అతనికీ ఉంది. బిడ్డ మీద మాత్రం లేదు.

సీమా నేల మీద కూర్చుని రెండు అరచేతులతో తవుడు దగ్గరికి ఊడ్చసాగింది. బాలమ్మ వంగి ఆమె మణికట్టు పట్టుకుంది.

"వద్దు బిడ్డా. నేల మీద పడ్డది పనికి రాదు. లే."

బాంద్రాలో రైలెక్కితే ఆడవాళ్ల డబ్బాలో చోటు దొరికింది. తౌడమ్మ ఇద్దరి మధ్యా కూర్చుంది. బాలమ్మ కిటికీ వైపు ముఖం పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వర్లి దిక్కు పెద్ద బిల్డింగులు దూరంగా వెళ్లిపోతున్నాయి. వాటిల్లో ఏదో ఒక లిఫ్టు శైలేష్ బాగుచేసిందే అయి ఉంటుంది. దాదర్‌లో జనం ఎక్కి, దిగి, మళ్లీ కాస్త ఊపిరాడింది. పిల్ల పంపు తీసి ఒకసారి పీల్చింది, అంకె చూసింది, లోపల పెట్టింది. ఈ నెల నుంచి అంకె చూడనక్కరలేదని సీమా చెప్పబోయింది, అంతలో పిల్లే నోరు తెరిచింది.

"సీమక్కా," అంది తౌడమ్మ. "జడ్జి మేడంకు నేను నీ బిడ్డనని చెప్పినవ్ గదా."

"ఊఁ."

"అయితే ఇగ నిన్ను అమ్మా అని పిలువనా?"

బాలమ్మ కిటికీ నుంచి ముఖం తిప్పలేదు. ఆమె వీపు మాత్రం బిగుసుకుంది. ఎనిమిదేళ్లుగా సీమా ఎదురుచూసిన మాట అది. కుళాయి తిప్పి ఏడ్చిన నాటి నుంచీ, జ్వరంలో పిల్ల కలవరించి బాలమ్మ పేరు పిలిచిన రాత్రుల నుంచీ. ఆ ఒక్క మాట కోసం ఏమైనా ఇచ్చేది. ఇప్పుడు అడగకుండానే వచ్చి ఒళ్లో పడింది. కోర్టు కాగితంలో ఆమె తల్లి. అమ్మవారి దగ్గర పిల్ల ఇంకా బాలమ్మదే, తవుడు వెనక్కి రాలేదు. ఆ తేడాలో దూరి బతికి ఉంది బిడ్డ.

"వద్దు బిడ్డా," అంది సీమా. బిడ్డా అని నోరు జారినందుకు పళ్ల కింద పెదవి కొరుక్కుంది. "ఇంకా నాలుగేండ్లు. అప్పటిదాక సీమక్కనే. ఆమెనే అమ్మ. మర్చిపోవద్దు."

తౌడమ్మ తల ఊపింది. అచ్చం సీమా ఊపినట్టే ఊపింది. తర్వాత కాసేపటికి, బండి మహాలక్ష్మి దాటుతుండగా, ఎదుటి తలుపు అద్దంలో తన నీడను చూసుకుంటూ పిల్ల పెదవులు కదిపింది. శబ్దం లేదు. రెండు పెదవులూ ఒకసారి గట్టిగా కలిసి, విడిపోయాయి.

సీమా చూసింది. చూడనట్టు తల తిప్పుకుని, పిల్ల వీపు మీద చెయ్యి వేసి, గ్రాంట్ రోడ్ వచ్చేదాకా ఊపిరి ఆడుతోందో లేదో చూసుకుంటూ కూర్చుంది.